తుఫాను తీరం దాటే చోటు చెప్పినవాళ్లు మా వీధిలోకి నీళ్లొస్తాయని ఎందుకు చెప్పలేకపోయారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది బందరు దగ్గర పల్లె. 2013 నవంబరులో లెహర్ తుఫాను వస్తోందని మీ నాన్నగారు ఇంకో వారం ఆగాల్సిన వరిని హడావుడిగా కోయించారు. తీరా అది వాయుగుండంగా నీరసించి వెళ్లిపోయింది. 2024 సెప్టెంబరులో మాత్రం విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్న మీ అక్కగారి ఇంట్లోకి చెప్పాపెట్టకుండా నీళ్లొచ్చాయి. ఇన్ని ఉపగ్రహాలు, రాడార్లు, ఇప్పుడు ఏఐ కూడా ఉండగా ఇదేం లెక్క, వీళ్ల మాట నమ్మాలా వద్దా అని అడిగారు.

ముప్పై ఏళ్ల పైచిలుకు వాతావరణ సూచనలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నమ్మండి. కానీ ఏ విషయాన్ని ఎన్ని గంటల ముందు నమ్మొచ్చో తెలుసుకుని నమ్మండి. తుఫాను దారిని రెండు మూడు రోజుల ముందు నమ్మొచ్చు. దాని బలాన్ని ఒక రోజు ముందు, అదీ కాస్త అనుమానంతో. జిల్లాలో భారీ వర్షం పడుతుందన్న మాట ఒకటి రెండు రోజుల ముందు నమ్మొచ్చు గానీ ఏ మండలంలో అన్నది రాడార్‌లో మబ్బు కనిపించాకే తేలుతుంది. పిడుగైతే అరగంట ముందు. ఇక మీ వీధిలోకి నీళ్లు వస్తాయా అన్నది ఒక్క వాతావరణ శాఖ చెప్పగలిగింది కాదు. మీ ఇంట్లో జరిగిన రెండు అనుభవాలూ ఈ వరసలో వేర్వేరు మెట్ల మీదివి. మనం మాత్రం రెంటినీ కలిపి 'వాతావరణం వాళ్లు తప్పు చెప్పారు' అనేస్తాం.

ముందు దారి సంగతి. కాలువలో గుర్రపుడెక్క కొట్టుకుపోవడం చూసే ఉంటారు. అది తనంతట తాను ఎటూ పోదు, నీళ్లు ఎటు లాగితే అటే పోతుంది. తుఫానూ దాదాపు అంతే. చుట్టూ ఉన్న పెద్ద గాలుల ప్రవాహం దాన్ని మోసుకుపోతుంది. ఆ పెద్ద గాలులు వేల కిలోమీటర్ల మేర విస్తరించి ఉంటాయి కాబట్టి కంప్యూటర్ మోడళ్లు వాటిని బాగానే పట్టుకుంటాయి. అందుకే 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతుందని రోజుల ముందే చెప్పగలిగారు, అక్టోబరు 12న అది అక్కడే దాటింది. ఇప్పుడు మన దగ్గర 24 గంటల ముందు ఇచ్చే దారి అంచనాలో తేడా సగటున 70-80 కిలోమీటర్లు ఉంటోంది. నేను సర్వీసులో సగం దూరం వచ్చేసరికి కూడా ఆ తేడా దీనికి దాదాపు రెట్టింపు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, రెండు ప్రవాహాలు సమానంగా లాగే చోట. అక్కడ గుర్రపుడెక్క కాసేపు నిలబడి గిరగిరా తిరిగి, చివరికి ఎటో ఒకటు పోతుంది. 2022 మేలో అసని అలాగే చేసింది. తీరానికి దగ్గరగా వచ్చి మళ్లీ సముద్రంలోకి ఒంపు తిరుగుతుందనుకుంటే, నేరుగా బందరు, నరసాపురం మధ్యకు వచ్చి పడింది. ఆ రోజుల్లోనే శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి రేవుకు బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది, గుర్తుందా? టీవీలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. తుఫాను దారి ఎందుకు మారిందో వివరించడానికి నా దగ్గరికి ఒక్కరూ రాలేదు!

సగటు తేడా 80 కిలోమీటర్లు అంటే మా లెక్కలో మంచి మార్కులే. 2025 అక్టోబరులో మొంథా కాకినాడ పరిసరాల్లో దాటుతుందన్నారు, 28వ తేదీ రాత్రి నరసాపురం దగ్గర దాటింది. రెంటి మధ్యా సరళరేఖలో కొలిస్తే ఆ 80 కిలోమీటర్లే. కానీ ఆ మధ్యలో ఉన్న కోనసీమ వాళ్లకు అది చిన్న తేడా కాదు. మన తూర్పు తీరంలో తుఫాను వచ్చే దారికి కుడివైపున గాలి సముద్రం మీంచి భూమి మీదకు తోస్తుంది, ఎడమవైపున భూమి మీంచి సముద్రంలోకి లాగుతుంది. ఉప్పెన ముంచేది కుడివైపునే. 1977 నవంబరు 19న తుఫాను ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలో దాటింది. ఉప్పెన ముంచెత్తింది కుడిపక్కనున్న దివిసీమను. ప్రభుత్వ లెక్కలోనే పది వేల మందికి పైగా పోయారు. తుఫాను కేంద్రం మీ ఊరి మీదుగా పోవట్లేదని ధైర్యంగా ఉండకూడదని మీ పెద్దవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదనుకోండి.

ఇక మీ నాన్నగారికి కోపం తెప్పించిన విషయం, బలం. మా పనిలో అసలు తలనొప్పి ఇదే.

బంగాళాఖాతంలో తుఫానులోకి విమానం పంపి గాలి కొలిచే ఏర్పాటు మనకు లేదు. అమెరికా వాళ్లు అట్లాంటిక్‌లో మామూలుగా పంపుతారు. మనం ఉపగ్రహ చిత్రంలో మబ్బు ఎలా చుట్టుకుందో చూసి, దానికో నంబరు వేసి, ఆ నంబరు నుంచి గాలి వేగం అంచనా కడతాం. దీన్ని ద్వోరాక్ పద్ధతి అంటారు. ఒకసారి రాత్రి డ్యూటీలో నేనూ మా సీనియరూ ఒకే చిత్రం చూశాం. నేను 3.5 వేశాను, ఆయన 4 వేశారు. వినడానికి అర మార్కు తేడా. కానీ 3.5 అంటే గాలి గంటకు సుమారు 100 కిలోమీటర్లు, తీవ్ర తుఫాను. 4 అంటే 120, అతి తీవ్ర తుఫాను. పొద్దున పేపర్లో హెడ్డింగే మారిపోతుంది. ఆ రాత్రి ఆయన మాటే నెగ్గింది, సీనియర్ కదా. ఎవరు కరెక్టో ఈ రోజుకీ తెలియదు, సముద్రం మధ్యలో కొలిచినవాళ్లు లేరు. ఇప్పుడున్న బలమే ఇంత అనుమానంగా ఉంటే, రేపటి బలం లెక్కకట్టడం ఎంత కష్టమో చూడండి.

పైగా బలం పెరగడం, తరగడం తుఫాను కడుపులో జరిగే పని. కింద నీటి వేడి ఎంత లోతు వరకు ఉంది, పైన గాలి ఒక దిక్కు, కింద గాలి ఇంకో దిక్కు వీచి దాన్ని వంచేస్తోందా, పక్క నుంచి పొడి గాలి దూరుతోందా, ఇవన్నీ కలవాలి. 2013లోనే రెండు రకాలూ చూశాం. అక్టోబరులో ఫైలిన్ ఒక్క రోజులో మామూలు తుఫాను స్థాయి నుంచి భయంకరంగా పెరిగింది. నవంబరులో లెహర్ అతి తీవ్ర తుఫానుగా ఉండి, తీరం చేరేలోపే కూలిపోయింది. అప్పటికి ఆరు రోజుల కిందటే హెలెన్ మీ బందరు పక్కనే తీరం దాటి వెళ్లింది. ఆ భయం మీద లెహర్ హెచ్చరిక విన్న రైతు కోత మిషను పిలవకుండా ఎలా ఉంటాడు? మీ నాన్నగారిది తొందరపాటు అనను. హెచ్చరిక ఇచ్చినవాళ్లదీ తప్పనను.

కొలిచే పనిముట్ల గతి ఇంకోటి. హుద్‌హుద్ రోజు నేను విశాఖలోనే చుట్టాలింట్లో ఉన్నాను. తుఫాను కన్ను మీదికి వచ్చినప్పుడు గాలి ఠక్కున ఆగిపోయింది. పక్కింటివాళ్లు అయిపోయిందనుకుని స్కూటర్ చూసుకోవడానికి కిందికి దిగుతుంటే, మెట్ల మీద అడ్డం నిలబడి ఆపాను. కాసేపటికి గాలి రెండో దిక్కు నుంచి తిరగబడింది. నగరంలోని డాప్లర్ రాడార్ కూడా ఆ గాలికే దెబ్బతింది. ఏ వేళకు కళ్లు కావాలో ఆ వేళకే పోయాయి. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు పదకొండు ఉంటాయి, పదోది పెను ప్రమాదానికి. పదకొండోది దేనికో తెలుసా? వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పడానికి. ఆ సూచిక పెట్టిన పాతకాలం వాళ్లకు మాకన్నా వినయం ఎక్కువనిపిస్తుంది.

మీ అక్కగారి ఇల్లు. ఇక్కడే కొంచెం ఓపిగ్గా చదవండి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో వచ్చింది తుఫాను కూడా కాదు, వాయుగుండం. పేరు కూడా లేదు. దాని కేంద్రం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విజయవాడ నుంచి సరళరేఖలో అది దాదాపు 400 కిలోమీటర్లు. టీవీలో మ్యాపు చూసినవాళ్లు ఆ చుక్కను చూసి 'మనకు కాదులే, శ్రీకాకుళానికి' అనుకున్నారు. కానీ వర్షాకాలపు వాయుగుండాల్లో కుండపోత కేంద్రం దగ్గర కాదు, దానికి నైరుతి పక్కన పడుతుంది. ఇది మా వాళ్లకు ఏనాటి నుంచో తెలిసిన సంగతే. భారీ, అతి భారీ వర్షాల హెచ్చరికలూ ఉన్నాయి. అయినా ఆ నైరుతి పక్కన కృష్ణా లోయంతటిలో సరిగ్గా విజయవాడ, ఖమ్మం పరిసరాల మీదే అంతలా కుమ్మరిస్తుందని అంత ముందుగా చెప్పగలగడం వేరు.

ఎందుకంటే మోడల్ అంటే ఒక జల్లెడ. దేశం మీద చదరపు గళ్లు గీసి, ఒక్కో గడికి ఒక్కో లెక్క వేస్తుంది. మన ప్రధాన మోడల్‌లో గడి చాలాకాలం 12 కిలోమీటర్లు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టంలో 6 కిలోమీటర్లకు తగ్గింది. పెద్ద అడుగే. కానీ కుండపోత కురిపించే ఒక్కో మబ్బు స్తంభం వెడల్పు కొన్ని కిలోమీటర్లే. జల్లెడలోంచి నూక జారినట్టు జారిపోతుంది. ఆ మబ్బు ప్రభావం ఇంత ఉంటుందిలే అని ఒక సగటు సూత్రంతో సరిపెట్టాలి. రాడార్ మబ్బును నిజంగా చూస్తుంది గానీ, భూమి గుండ్రంగా ఉంది కదా, 200 కిలోమీటర్ల దూరానికి వెళ్లేసరికి దాని కిరణం నేలకు నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. కింద ఏం జరుగుతోందో సగమే కనబడుతుంది.

హెచ్చరికల్లో ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి బయట ఎక్కువగా మాట్లాడరు. 24 గంటల్లో 20.4 సెంటీమీటర్లు దాటితే 'అత్యంత భారీ' వర్షం అంటాం. సెంటీమీటర్ల లెక్కలో దానిపైన ఇంకో మెట్టు లేదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు పడింది, తెలంగాణలో రికార్డు. పక్క జిల్లాలో మోరంచపల్లి ఊరంతా నీళ్లలో ఉంది. 21 సెంటీమీటర్లకూ 65 సెంటీమీటర్లకూ రెడ్ అలర్ట్ ఒక్కటే. రెడ్ అలర్ట్ చూసి 'పోయినసారీ ఇలాగే అన్నారు' అనుకునే మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

సరే, వర్షం సరిగ్గా చెప్పారనే అనుకుందాం. సింగ్‌నగర్‌లో ఇంట్లోకి వచ్చింది వర్షం కాదు, బుడమేరు వాగు. ఎగువన పడ్డదంతా బుడమేరులోకి దిగింది. మళ్లింపు కాలువ ఆ నీటిని ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలపాలి. అదే సమయానికి కృష్ణ కూడా పోటెత్తింది, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, మునుపెన్నడూ లేనంత. నదే నిండుగా ఉంటే కాలువ నీరు ఎక్కడికి పోతుంది? కట్టకు గండ్లు పడ్డాయి. గండి ఎక్కడ పడుతుందో ఏ ఉపగ్రహమూ చూడలేదు. అది కట్ట మీద నడిచే లష్కర్‌కు, అంటే కాలువ కాపలా మనిషికి తెలియాలి. వాన లెక్క ఒకరిది, నది లెక్క ఒకరిది, కాలువ ఒకరిది, నగరంలో డ్రెయిను ఇంకొకరిది. ఇవన్నీ ఒక్క కాగితం మీదికి వచ్చి 'ఫలానా వీధిలో నాలుగడుగుల నీరు' అని రాయాలంటే ప్రతి వీధి ఎత్తూ కొలిచి ఉండాలి.

పెద్ద నదిలో ఇంత ఇబ్బంది లేదు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పైన పడ్డ నీరు నడిచి రావడానికి టైం పడుతుంది కాబట్టి కొలుచుకుంటూ ముందే చెప్పొచ్చు. 2022 జూలైలో 71 అడుగులు దాటినా ఊళ్లు ఖాళీ చేయించడానికి వ్యవధి దొరికింది. బుడమేరు, మున్నేరు లాంటివి ఆ వ్యవధి ఇవ్వవు.

పిడుగుల గురించి రెండే మాటలు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఇప్పుడు పిడుగుల్ని ముందే హెచ్చరించే దామిని యాప్ ఉంది, ఫోన్లకు మెసేజీలూ వస్తాయి. మా ఊళ్లో నాట్లు వేస్తుండగా ఒకసారి మెసేజ్ ఇరవై నిమిషాల ముందే వచ్చింది. ఫోన్లన్నీ గట్టు మీద అన్నం క్యారేజీల సంచుల్లో ఉన్నాయి! ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి మా తమ్ముడు ఒక ఫోన్ మేస్త్రీ నడుముకు కట్టిస్తున్నాడు.

మీరు సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నానన్నారు కాబట్టి ఏఐ గురించి. గూగుల్ వాళ్ల గ్రాఫ్‌కాస్ట్ లాంటి ఏఐ మోడళ్లు తుఫాను దారిని చాలా బాగా చెబుతున్నాయి, యూరప్ వాతావరణ కేంద్రం 2025లో తన ఏఐ మోడల్‌ను రోజువారీ వాడకంలోకి తెచ్చింది. కానీ అవి నేర్చుకునేది గడిచిన దశాబ్దాల వాతావరణం నుంచి, అదీ ఎక్కువగా పాతిక కిలోమీటర్ల గడుల్లో. బలాన్ని తక్కువ చేసి చూపడం వాటికి అలవాటు. లక్ష్మీదేవిపేట లాంటి వాన వాటి పాఠాల్లో ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది?

ఒక సంగతి ఒప్పుకుంటాను. పదిహేను పదహారేళ్ల కిందట ఒక జిల్లా అధికారి ఫోన్ చేసి, 'వానొస్తుందా రాదా, ఒక్క ముక్కలో చెప్పండి' అన్నారు. నూటికి అరవై వంతులు అవకాశం ఉందన్నాను. 'అంటే వస్తుందనేగా' అని స్కూళ్లకు సెలవిచ్చారు. మర్నాడు ఎండ కాసింది. మా అబ్బాయితో సహా పిల్లలంతా క్రికెట్ ఆడారు. ఆ తర్వాత నెలలో అలాంటి పరిస్థితే మళ్లీ వచ్చింది. 'పోయినసారి లాగేనా?' అని ఆయన నవ్వారు. నేను బులెటిన్‌లో ఒక మాట మెత్తబరిచాను. ఆ రాత్రి బాగా పడింది, ఒక వాగు మీద ఆర్టీసీ బస్సు చిక్కుకుంది. అందరూ బయటపడ్డారు. తెల్లారే వరకు నాకు నిద్ర లేదు. నేను మెత్తబరిచింది మబ్బును చూసి కాదు, ఆ నవ్వును చూసి. లెహర్ లాంటి వాటి మీద విసుర్లు చదివినప్పుడల్లా, ఎవరో కుర్ర ఫోర్‌కాస్టర్ నాలాగే ఒక మాట తగ్గిస్తాడేమో అని నాకు టెన్షన్.

ఇప్పుడు మీ నాన్నగారికి పనికొచ్చేవి. బులెటిన్‌లో 'ఒకటి రెండు చోట్ల' అంటే జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతంలోపు. మీ ఊళ్లో పడకపోయినా ఆ బులెటిన్ తప్పినట్టు కాదు. సముద్రంలో తుఫాను ఉంటే మూడు రోజుల ముందు వచ్చే కబురు కోతకు కాదు, ఏర్పాట్లకు: బరకాలు, కోత మిషను, కూలీల మాట. 48 గంటల హెచ్చరికకు అప్పటికే కోసి పనల మీదున్న వరిని కుప్ప వేయడం మొదటి పని. నిలబడి ఉన్న పచ్చి వరిని భయంతో కోయొద్దు. పడిపోయిన చేను నుంచి ఎంతో కొంత చేతికొస్తుంది, నీళ్లలో తేలిన పన నుంచి మొలకలొస్తాయి. తడిసిన పనల మీద లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు చల్లితే మొలక ఆగుతుందని మా వ్యవసాయాధికారులు చెప్పేవారు, మా పొలంలో పనిచేసింది. 24 గంటల ముందు వచ్చే బులెటిన్‌లో తీరం దాటే చోటు చూడండి. అది బందరుకు పడమరగా, బాపట్ల వైపు ఉంటే మీరు కుడిపక్కన ఉన్నట్టు. అప్పుడు వరి సంగతి వదిలేసి మనుషుల్నీ గొడ్లనీ చూసుకోవాలి.

మీ అక్కగారిది గ్రౌండ్ ఫ్లోరా, పై అంతస్తా రాయలేదు. గ్రౌండ్ ఫ్లోరే అయితే గోడ మీద నీటి మచ్చ ఇంకా ఉంటే చెరిపేయించకుండా, నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి రాసిపెట్టుకోమనండి. ఆ రోజు బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తారన్న వార్త ఎన్నింటికి విన్నారు, ఇంట్లోకి నీళ్లు ఎన్నింటికి వచ్చాయి అన్నది కూడా. మళ్లీ అంత వానొచ్చి గేట్లు ఎత్తారన్న కబురు తెలిస్తే, సామాను పైకెక్కించడానికి ఎన్ని గంటలుంటాయో, ఎంత ఎత్తున పెట్టాలో ఆ రెండు అంకెలే చెబుతాయి.